సినిమా అయిపోయాక మాట్లాడుకుందాం

మేం బుట్టాయగూడెం, జీలుగుమిల్లి, వేలేరుపాడు వైపు నుంచి చదువు కోసం ఏలూరు దాకా వచ్చినవాళ్లం. కోయలం, కొండరెడ్లం. వట్లూరు దగ్గర గదులు అద్దెకు తీసుకుని ఉంటున్నాం. సినిమాలు మాకు కొత్త కాదు, ఫోను నిండా అవే. అయితే తెర మీద ఆదివాసులు కనబడినప్పుడు గదిలో అందరి చూపూ ఒకలా ఉండదు. ఆకులు కట్టుకుని, ఈకలు పెట్టుకుని, అర్థంలేని కేకలు వేస్తూ మనవాళ్లు హీరో చుట్టూ గంతులేస్తారు. పక్కవాళ్లు నవ్వుతారు. మాలో కొందరు వాళ్లతో కలిసి నవ్వేస్తారు, కొందరు మంచినీళ్ల వంకతో బయటికి పోతారు. సినిమా అయిపోతుంది. ఎవరూ ఏమీ అనరు.

ఏదో ఒకటి అనడానికి ఒక చోటు కావాలి. ఆ చోటునే విద్యార్థులు ఫిల్మ్ క్లబ్ అన్నారు.

అమెరికాలో షికాగో విశ్వవిద్యాలయ విద్యార్థుల క్లబ్బు చాలా పాతది. దేశదేశాల విద్యార్థులు ఉండే ఇంటర్నేషనల్ హౌస్ అనే వసతి గృహంలో 1940లో డాక్యుమెంటరీ ఫిల్మ్ గ్రూప్ పేరుతో మొదలైంది. మొదట డాక్యుమెంటరీలే వేసేవారు, తర్వాత కథా చిత్రాలూ చేర్చుకున్నారు. డాక్ ఫిల్మ్స్ పేరుతో అది నేటికీ నడుస్తోంది. నడిపేది విద్యార్థులే. పుట్టింది ఒక హాస్టల్లో అని తెలిసినప్పుడు మాకు అది అంత దూరం అనిపించలేదు.

మన దేశంలో 1947లో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా వంటివారు కలకత్తా ఫిల్మ్ సొసైటీ పెట్టారు. అక్కడ చూసి, వాదించుకుని నేర్చుకున్న రాయ్ 1955లో 'పథేర్ పాంచాలి' తెచ్చారు. 1959లో దేశంలోని సొసైటీలన్నీ ఒక సమాఖ్యగా ఏర్పడ్డాయి. 1974లో హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్ వచ్చింది. అన్నిచోట్లా పని ఒకటే: థియేటరుకు రాని సినిమా తెచ్చుకోవడం, కలిసి చూడడం, అయ్యాక కూర్చుని మాట్లాడుకోవడం.

మేమూ గదిలో గోడకు తెల్ల దుప్పటి కట్టి చూడడం మొదలుపెట్టాం. మృణాల్ సేన్ 1976లో తీసిన 'మృగయా' వేశాం. హిందీ వచ్చినవాడు మధ్యమధ్య ఆపి తెలుగులో చెప్పాడు. ఊరి పంటను పాడుచేసే జంతువులను కొట్టే ఆదివాసీ వేటగాడు ఘినువా కథ అది. జంతువును కొట్టి తెస్తే తెల్లదొర బహుమతి ఇస్తాడు. వడ్డీ వ్యాపారిని చంపి అతని తల తెచ్చినప్పుడు మాత్రం ఉరి వేస్తారు. "అందరికంటే పెద్ద మృగాన్ని కొట్టాడు కదా, బహుమతి ఏదీ?" అన్నాడు మాలో ఒకడు. "వేటగాడి వేషం మనవాడికి ఎందుకు ఇవ్వలేదు?" అని ఇంకొకడు. ఆ రాత్రి ఎవరూ మంచినీళ్ల వంకతో లేవలేదు.

ఆ మాటల్లోంచే మరో సంగతి తెలిసింది. అల్లాణి శ్రీధర్ తీసిన 'కొమరం భీమ్' 1990లో తయారై 2010లో గానీ విడుదల కాలేదు. ఇరవై ఏళ్లు! థియేటరు దారి మూసుకుపోయినప్పుడు ఇలాంటి సినిమాకు దారి ఇవ్వాల్సింది మనలాంటి చిన్న గుంపులే. జార్ఖండ్‌లో ఉరావ్ తెగకు చెందిన బిజు టొప్పో, మేఘనాథ్‌తో కలిసి 'అఖ్రా' అనే బృందంగా డాక్యుమెంటరీలు తీస్తున్నారు. అఖ్రా అంటే ఊరంతా చేరి ఆడిపాడే, మాట్లాడుకునే చోటు. మన ఊళ్లలోనూ అలాంటి చోటు ఉంది. తెర ఒక్కటే కొత్త.

ఇది కాలక్షేపం కోసం చెబుతున్న మాట కాదు. పోలవరం ముంపు వల్ల కుక్కునూరు, వేలేరుపాడు మండలాల ఊళ్లు పునరావాస కాలనీలకు కదులుతున్నాయి. పాత ఊళ్లో అవ్వ పాడిన భూమి పండగ పాట ఎవరో ఒకరి ఫోనులో ఉంటుంది. ఫోను పాడైతే పాటా పోతుంది. పదిమంది కలిసి చూసే అలవాటుంటే పాడినవారి పేరు, ఊరు, తేదీ రాసిపెట్టి, రెండు మూడు చోట్ల దాచే అలవాటు కూడా వస్తుంది.

ఆశ్రమ పాఠశాలల్లో పనిచేసే మాస్టార్లను, టీచరమ్మలను మేం అడిగేది చిన్నదే. నెలకు ఒక శనివారం, ఒక సినిమా, తర్వాత అరగంట మాటలు. సినిమాను పిల్లలే ఎంచుకోవాలి, మొదటి మాట పిల్లలే మాట్లాడాలి. కోయలోనైనా సరే, తెలుగులోనైనా సరే. మనం ఏదైనా తీస్తే మాత్రం ముందు ఆ ఊరివాళ్లకే చూపించాలి. "మేం ఇలా ఉండం" అని ఒక ముసలమ్మ అంటే ఆ ముక్క తీసేయాలి. ఇన్నేళ్లుగా మన మీద సినిమాలు తీసినవాళ్లు ఆమెను ఆ ఒక్క మాటే అడగలేదు.