తుప్పు, కరక్కాయ, ఓ పాత తుపాకి

మనలో చాలామందికి తుపాకి అంటే సినిమాలో చూసిందే, లేదంటే బ్యాంకు గార్డు భుజాన చూసిందే. ఇక్కడ అలా కాదు. క్యారీలో మా పక్కింటి పెద్దాయన గరాజ్‌లో రెండు గొట్టాల పాత తుపాకి ఒకటి ఉంది. వాళ్ల ముత్తాతదట. గొట్టం మూతిలోంచి మందు కూరి పేల్చే రకం. రిటైరయ్యాక దాన్ని బాగుచేసుకోవడం ఆయనకు కాలక్షేపం. మా ఎనిమిదేళ్ల బాబు ఆయన మనవడితో ఆడుకోవడానికి ఆ ఇంటికి వెళ్తుంటాడు. అందుకని ఆ పనేమిటో చూద్దామని ఒక శనివారం నేనూ వెళ్లాను.

చూస్తుంటే బీఎస్సీలో చదివిన కెమిస్ట్రీ అంతా గుర్తొచ్చింది. పండక్కి ఇత్తడి సామాన్లు చింతపండుతో తోమినట్టు పాత తుపాకిని తోమకూడదట. ఎర్రటి తుప్పు స్పాంజిలాంటిది. తేమను పట్టుకుని ఇనుమును ఇంకా తినేస్తుంది. దాన్ని నూనె రాసి మెల్లగా తీసేయాలి. కింద గట్టిగా అంటుకున్న పాత గోధుమ రంగు పొరను మాత్రం అలాగే వదిలేయాలి. వయసును చెప్పేది అదే, విలువంతా దాంట్లోనే. రంగు పోయిన ఒక చిన్న భాగానికి ఆయన కావాలనే తుప్పు పట్టించి, నీళ్లలో మరిగించారు. ఎర్ర తుప్పు కళ్లముందే నల్లబడింది! ఐరన్ ఆక్సైడ్ మాగ్నటైట్‌గా మారడమే అది. ఈ నల్ల పొర ఇనుమును అంటిపెట్టుకుని కాపాడుతుంది. చెక్క భాగానికి అవిసె నూనె పట్టించారు. మన ఇనప మూకుడుకు నూనె రాసి కాల్చి పదును చేసుకోవడం లాంటిదే.

ఇదే పని పెద్ద ఎత్తున చూడాలంటే గ్రీన్‌విల్ వెళ్లాలి. బ్లాక్‌బియర్డ్ అనే సముద్రపు దొంగ ఓడ ‘క్వీన్ ఆన్స్ రివెంజ్’ 1718లో మన నార్త్ కరోలినా తీరంలో, బోఫోర్ట్ దగ్గర ఇసుకలో కూరుకుపోయింది. 1996లో దాని ఆచూకీ దొరికింది. ఆ ఫిరంగులను ఈస్ట్ కరోలినా యూనివర్సిటీ ఆవరణలోని ల్యాబ్‌లో శుభ్రం చేస్తున్నారు. ఉప్పునీటి క్లోరైడ్ ఇనుములోకి దిగిపోయి ఉంటుంది. అలాగే ఆరబెడితే ఇనుము పగిలి పెచ్చులూడిపోతుంది. అందుకే ఫిరంగిని క్షార ద్రావణంలో ముంచి, దాన్నే క్యాథోడ్‌గా పెట్టి సన్నగా కరెంటు పంపుతారు. క్లోరైడ్ అయాన్లు మెల్లగా బయటికొస్తాయి. ఒక్కో ఫిరంగికి ఏళ్లే పడుతుంది. చివర్న టానిక్ యాసిడ్ పూస్తే ఇనుము నల్లటి పొర కట్టుకుంటుంది. ఇది మనకు కొత్తేం కాదండీ. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ నీళ్లలో నానిన బట్ట మీద ఇనుము, బెల్లం పులియబెట్టిన నీళ్లతో గీస్తే గీత నల్లబడేది ఈ రసాయన చర్య వల్లే.

అయితే ఆ ఫిరంగుల్లో నన్ను ఆలోచనలో పడేసింది వేరే సంగతి. వాటిలో కొన్ని మందు, గుండు కూరి ఉండగానే దొరికాయి. పాతదంటే ఖాళీదని అర్థం కాదు. 2008లో వర్జీనియాలో సివిల్ వార్ నాటి ఫిరంగి గుండును శుభ్రం చేస్తుంటే అది పేలి ఒకాయన చనిపోయారు. నూట నలభై ఏళ్లు దాటినా అందులో మందు చావలేదు.

పక్కింటాయన ఏ పనీ మొదలుపెట్టకముందే రెండు గొట్టాల్లోకీ సన్నటి కర్ర దింపి, ఎంత లోతు దిగిందో గుర్తుపెట్టి, బయట గొట్టం పొడవుతో సరిచూశారు. తక్కువ దిగితే లోపల ఏదో ఉన్నట్టు. అప్పుడు చెయ్యి పెట్టకుండా తెలిసినవాళ్లను పిలవాల్సిందే. పని అయ్యాక తుపాకిని లాకర్లో పెట్టి తాళం వేశారు. అది చూశాకే నా మనసు కుదుటపడింది.

అమెరికా ఫెడరల్ చట్టం 1898లో గానీ అంతకుముందు గానీ తయారైన వాటిని పురాతన వస్తువుల కింద లెక్కేసి, మామూలు తుపాకుల నిబంధనల నుంచి మినహాయించింది. చట్టం లెక్క ఏదైనా, పిల్లల చేతికందితే తుపాకి తుపాకే.

పిల్లల్ని ప్లేడేట్‌కి పంపేముందు కుక్క ఉందా, వేరుశనగ అలర్జీ ఉందా అని మాట్లాడుకుంటాం కదా. ఆ వరసలోనే ‘మీ ఇంట్లో తుపాకి ఉందా, తాళంలో ఉంటుందా’ అని కూడా అడగండి. మొహమాటపడకండి. గోడకు అలంకారంగా వేలాడే తాతల నాటి తుపాకిని కూడా కలిపే అడగండి. నేను అడిగినప్పుడు ఇంతవరకూ ఎవరూ ఏమీ అనుకోలేదు.