బాంగ్ అంటే బేఅదబీ కాదు

మా నానీ జిందగీ అంతా అజాన్‌ను "బాంగ్" అనే అంది. "ఫజర్ కీ బాంగ్ హోగయీ, ఉఠో" అని లేపేది. అమ్మీకీ అదే అలవాటు. ఇప్పుడు మా మేనల్లుడు అమ్మీని ఆపుతున్నాడు. "ముర్గా బాంగ్ దేతా అంటారు కదా నానీ, అల్లా పిలుపుకు కోడి కూత మాట వాడతారా?" అంటాడు. అమ్మీ చిన్నబోయి ఆ మాటే మానేసింది. నాకది నచ్చలేదు.

బాంగ్ ఫార్సీ లఫ్జ్. మతలబు కేక, పిలుపు, దూరానికి వినిపించే శబ్దం. కోడి కోసం పుట్టిన మాట కాదు. ఇక్బాల్ 1924లో తెచ్చిన ఉర్దూ కవితల కితాబు పేరు "బాంగ్-ఎ-దరా", అంటే బిడారు గంట పిలుపు. కేరళ ముస్లిములు ఇవాళ్టికీ అజాన్‌ను "బాంకు" అంటారు.

ఉర్దూలో ఏ జానవర్ అరుపు దానిదే. కుక్క భౌంక్‌తా, మేక మిమియాతీ, గుర్రం హిన్‌హినాతా, ఏనుగు చింఘాడ్‌తా. గాడిద రేంక్‌తా. (తెలుగులో రంకె వేసేది ఆంబోతు, గాడిదది ఓండ్ర. మన పిల్లలు ఇక్కడే తికమకపడేది!) వీటన్నిటి మధ్య కోడికి మాత్రం మనిషి గొంతుకు వాడే మాటే దక్కింది. అంటే మౌజన్ సాబ్‌ను కోడి దగ్గరికి దించలేదు, కోడికే ఇజ్జత్ ఇచ్చారు. ఇవ్వరా మరి? కోడిని తిట్టకండి, అది నమాజుకు లేపుతుందని అబూ దావూద్ హదీసుల్లో ఉంది. కోడి కూత వింటే అల్లా ఫజల్ అడగమనీ, గాడిద ఓండ్ర వింటే షైతాన్ నుంచి పనాహ్ కోరమనీ బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది.

చిక్కంతా తెలుగు "కూత"తోనే అని నా ఖయాల్. కోడి కూస్తే, రైలు కూస్తే, కబడ్డీలో కూతకెళ్తే తప్పులేదు. మనిషిని మాత్రం "ఏం కూస్తున్నావ్" అంటే తిట్టే. కారుకూతలు అనేది అందుకే. బాంగ్‌ను మనసులో కూతగా తర్జుమా చేసుకున్న పిల్లాడికి ఆ తిట్టు వినిపిస్తోంది. ఉర్దూ లఫ్జ్‌లో అది లేనే లేదు.

అయినా మాటకన్నా నియ్యత్ ముఖ్యం. మా పక్కింటి పెద్దమ్మ రంజాన్‌లో గోడ మీంచి "మసీదులో కూత అయిందా అమ్మా, ఇక తినండి" అనేది. నానీ "అయింది అక్కా" అంటూనే ఖజూర్ల పళ్లెం ముందు ఆమెకే అందించేది.