చేపలు రాని వేసవులు

ఇంగ్లండు దేశపు నైరృతి కొసను, కార్న్‌వాల్ సీమలో, సెంట్ ఐవ్స్ అను బెస్తల రేవు కలదు. లండను నగరవాసియు, పేరుపొందిన గ్రంథకర్తయునైన లెస్లీ స్టీఫెన్ 1881లో ఆ యూరిని చూచి ముచ్చటపడి, అఖాతమునకు ఎదురుగా నున్న టాలండ్ హౌస్ అను ఇంటిని అద్దెకు తీసికొనెను. 1882 మొదలు 1894 వరకు ఆ కుటుంబము ప్రతి వేసవియు అచ్చటనే గడపెను. 1882లోనే పుట్టిన ఆయన కుమార్తె తరువాతి కాలమున వర్జీనియా వుల్ఫ్ అను పేర ప్రఖ్యాత నవలారచయిత్రి అయ్యెను.

ఆ కాలమున ఆ రేవునకు ప్రాణాధారము పిల్చర్డు అను చేప. అది మన తీరమున దొరకు కవళ్ళ వంటిది. వేసవి చివర గుంపులుగా ఒడ్డునకు చేరును. కొండకొమ్మున కావలియుండువాడు నీటి రంగు మారుటను బట్టి గుంపును గుర్తించి కేక వేయగా, పడవలవారు పెద్ద వలతో దానిని చుట్టుముట్టెడివారు. అయితే వర్జీనియా బాల్యమున ఒక్క వేసవియందును ఆ గుంపు అఖాతములోనికి రాలేదు. వలపడవలు లంగరు వేసికొని ఊరక నిలిచియుండెడివి. పిల్లలు ఈదుకొనుచు పోయి, పడవ అంచు పట్టుకొని వ్రేలాడి, లోపల తార్పాలిను గుడారములో పడుకొని కాపుండు ముసలివానిని చూచెడివారు. ఎన్నడు వచ్చునో తెలియని చేపకై ఏండ్ల తరబడి కాచుకొనుటకు ఎంత ఓర్పు కావలయును!

ఇతర చేపలు మాత్రము గాలమునకు దొరకెడివి. వ్రేళ్ళ సందున దారము వణకుట, హఠాత్తుగా ఒక చిన్న గుంజు, నీటిలోనుండి తెల్లగా మెలికలు తిరుగుచు పైకి వచ్చు చేప — వర్జీనియాకు ఇంతకంటె ఉత్సాహకరమైనది వేరొకటి లేకుండెను. ఒకనాడు తండ్రి ఆమెతో, చేపలను పట్టుట చూడ తనకు ఇష్టము లేదనియు, ఇకమీదట అందులకైనచో తాను రాననియు, ఆమె కోరినచో పోవచ్చుననియు చెప్పెను. కోపపడలేదు; వలదనలేదు. లెస్లీ స్టీఫెన్ ఇంటిలో సులభుడైన మనిషి కాడు. ఆయన కోపమును గూర్చి కుమార్తెయే కఠినముగా వ్రాసినది. కాని ఈ యొక్క మాటను ఆమె మెచ్చుకొనెను. గాలము వేయు కోరిక క్రమక్రమముగా తనంతట ఆరిపోయినదని 1939లో ఆరంభించిన జ్ఞాపకములలో తెలిపెను.

అఖాతపు ఆవలి కొసన గాడ్రెవీ దీపస్తంభము ఉన్నది. 1892 సెప్టెంబరులో కొందరు అచ్చటికి పడవపై పోవునపుడు తమ్ముడు ఏడ్రియన్‌ను పోనీయలేదు. వాని ఆశాభంగమును పిల్లలు తమ ఇంటి పత్రికలో వార్తగా వ్రాసికొనిరి. 1927లో వెలువడిన ‘టు ది లైట్‌హౌస్’ నవలలో దీపస్తంభమునకు పోవ నుబలాటపడు బాలుని చూచినపుడు ఈ వార్త గుర్తునకు రాక మానదు.

1895 మే నెలలో తల్లి జూలియా మరణించెను. ఆ యింటి వేసవులు అంతటితో ముగిసెను. 1904లో తండ్రియు పోయెను. 1905లో తోబుట్టువులు నలుగురును మరల ఆ తీరమునకు వచ్చి, సమీపముననున్న కార్బిస్ బేలో బస చేసిరి. ఒక రాత్రి పాత యింటి కంచె చెంతకు పోయి, పరులు వెలిగించిన దీపములను కిటికీలలో చూచి, లోనికి పోక మరలిరి.

ఆ యేడే పిల్చర్డులు వచ్చినవి. తెల్లవారుజామున నలుగురును పడవ వేసికొని పోయిరి. వలలో నీరు వెండివలె తళతళలాడుచు ఉడికినట్లు చిమ్ముచుండెను. ప్రక్క పడవలోని అపరిచితుడొకడు, ఉదయపు భోజనమునకు తాజా చేపలు కావలయునా యని యడిగి, చేతులనిండ ఎత్తి వారి పడవలోనికి కుమ్మరించెను. పడవ వెంట పడవ చేపల బరువునకు అంచులదాక నీట మునుగుచుండెను.