తాళంచెవి

గద్వాల, వనపర్తి సంస్థానాల పేరెత్తగానే తెలుగు మేష్టర్లకు పండితులు, తాళపత్రాలు గుర్తుకొస్తాయి. తాళపత్రానికి చెదపురుగు శత్రువని అందరికీ తెలుసు. కంప్యూటరుకు శత్రువెవరో మాత్రం ఒక పట్టాన తేలదు.

మా కళాశాల తెలుగు శాఖలో ఒక పాత సర్వరుంది. అందులో నడిచేది లినక్స్. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్ అనే కుర్రవాడు మొదలుపెట్టినది. డబ్బు పోసి కొనక్కరలేదు గనుక మావంటివారికి మరీ ఆప్తం. నాగర్‌కర్నూలు, గద్వాల పల్లెల్లో సేకరించిన పాటలన్నీ దాని కడుపులోనే దాచాం. నెలాఖరున వాటికి మరో ప్రతి తీయడం మా ఆనవాయితీ. నెలాఖరు ఇంకా నాలుగు రోజులుందనగా, ఒక ఉదయం సర్వరు మొరాయించింది. డిస్కు కనబడటం లేదని తెరమీద ఒక్క ముక్క రాసి ఊరుకుంది.

ఆ నెల రికార్డు చేసినవి ఒక అవ్వ పాడిన పదిహేడు నాట్ల పాటలు. అవ్వ వారం కిందటే కన్నుమూసింది. మళ్ళీ ఎవరిచేత పాడించుకునేది?

దుకాణదారు వచ్చి, "డిస్కు పోయింది సార్, కొత్తది వేసుకోవాల్సిందే" అని తేల్చేశాడు. నాకు మనసొప్పలేదు. మా వీధిలోనే, వనపర్తి రాజభవనంలో 1959లో వెలసిన పాలిటెక్నిక్‌లో చదివిన కుర్రవాడున్నాడు. కబురుచేశాను.

"డిస్కు పోతే ఈ మాటైనా తెరమీదికి ఎట్లొస్తది సార్?" అన్నాడు రాగానే.

"మరేం జరిగింది నాయనా?"

అతను చెప్పిన వైనమిది. సర్వరును మొదట నిద్రలేపేది ఫర్మ్‌వేర్. అది తన పద్ధతిలో డిస్కు చదివి కెర్నెల్‌ను తెచ్చి కూర్చోబెడుతుంది. అక్కడినుంచి పెత్తనం కెర్నెల్‌ది. దానికీ డిస్కులకూ నడుమ కంట్రోలర్ కార్డు. కార్డుతో మాట్లాడాలంటే డ్రైవర్ కావాలి. ఆ డ్రైవర్ డిస్కులోనే ఉంటే, పెట్టె తాళంచెవి పెట్టెలోనే పెట్టినట్టు! అందుకని ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే చిన్న మూట ముందుగా మెమరీలోకి వస్తుంది. తాళంచెవి ఆ మూటలో ఉండాలి.

ముందురోజు రాత్రే కొత్త కెర్నెల్ ఎక్కింది. అతను పట్టికలో పాత కెర్నెల్‌ను ఎంచుకున్నాడు. సర్వరు బుద్ధిగా లేచింది! వెంటనే పాటలన్నీ వేరే డిస్కులోకి ఎత్తాడు. వైద్యం ఆ తరువాతే. ఎల్‌ఎస్‌పీసీఐ అనే ఆజ్ఞతో కార్డునూ, దాని డ్రైవర్ పేరునూ తెలుసుకున్నాడు. కొత్త మూట విప్పి చూస్తే అందులో ఆ పేరే లేదు. డ్రాకట్‌తో డ్రైవర్‌ను చేర్చి మూట మళ్ళీ కట్టాడు. ఈసారి కొత్త కెర్నెలూ లేచింది.

"అన్నిసార్లూ ఇంత తేలిక కాదు సార్" అన్నాడు. 2019లో వచ్చిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8లో కొన్ని పాత కార్డులకు మద్దతే తీసేశారు. అటువంటప్పుడు మూట ఎన్నిసార్లు కట్టినా లాభం లేదు. వేరే డ్రైవరో, వేరే కార్డో చూసుకోవలసిందే.

ఆ సాయంత్రం శాఖలో అందరం కూర్చుని అవ్వ పాటలు విన్నాం. నాకు సురవరం ప్రతాపరెడ్డిగారు గుర్తుకొచ్చారు. ఆయన మా గద్వాల ప్రాంతం వారే. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న మాటకు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వేసి జవాబిచ్చారు. కనబడనంత మాత్రాన లేదని తేల్చేయకుండా, వెతికే మనిషి ఒకడుండాలి. ఆ రోజు మాకు దొరికాడు.