అడిగే నోరు

నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. నోరు విప్పి జవాబు చెప్పాల్సిన ప్రశ్న అందులో ఒక్కటీ ఉండదు. సీటొచ్చి కాలేజీలో అడుగుపెట్టాక మాత్రం, అనాటమీ వైవా దగ్గర్నుంచి హౌస్ సర్జన్సీలో రాత్రి డ్యూటీ దాకా అంతా నోటితోనే పని. ఈ రెంటికీ మధ్య పిల్లల చేతిలో ఉండేది కొద్ది వారాలు. మా తమ్ముడి కూతురికి కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీలో సీటొచ్చిన ఏడు, ఆ కొద్ది వారాలూ నా మీద పడ్డాయి.

మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. తమ్ముడికి కొబ్బరి తోట, దింపుల లెక్కలు, ఎరువుల బాకీలు తెలుసు. మా వంశంలో డాక్టరు లేడు. ఆసుపత్రి లోపలి సంగతులు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. స్టాఫ్ నర్సుగా చేరి హెడ్ నర్సుగా రిటైరయ్యాను. అందుకని ఏ ప్రశ్న వచ్చినా ఇంట్లో ఒకటే మాట, అత్తని అడుగు అని.

"ఏం కొనాలో ఓ లిస్టు రాసివ్వక్కా, ఆదివారం రాజమండ్రి ఎల్లి అన్నీ పట్టుకొచ్చేత్తాను" అన్నాడు తమ్ముడు.

రాసిచ్చాను. దళసరి కాటన్‌తో నిండు చేతుల ఏప్రన్లు రెండు, ఊళ్లో టైలరు దగ్గరే కుట్టించమన్నాను. వేళ్లు కనపడని బూట్లు ఒక జత. తాళం వేసుకునే పెట్టె. అంతే. పుస్తకాలు కొనొద్దన్నాను. చౌరాసియా అనాటమీ భాగాలన్నీ మొదటి వారంలోనే కొనేసి, వాటిలో సగం అట్ట కూడా విప్పని పిల్లల్ని చాలామందిని చూశాను. ఎముకల సెట్టు కూడా సీనియర్ల చేతి నుంచి జూనియర్ల చేతికి మారుతూ ఉంటుంది, కొత్తది అక్కర్లేదు. ఆ కాగితం చూసి మా వాడి మొహం చిన్నబోయింది. సీటొచ్చిందని ఊరంతా తెలిశాక ఏమీ కొనకుండా ఎలా పంపుతామని వాడి బాధ. ఆ బాధ తీరడానికి వాడో సూట్‌కేసు కొన్నాడు. మంచం కింద పట్టనంత పెద్దది.

కొనే లిస్టుల్లో ఎవరూ రాయనిది ఒకటుంది. హెపటైటిస్-బి టీకా. నెత్తుటి ద్వారా వచ్చే ఈ కామెర్లు, వార్డులో సూది పొరపాటున వేలికి గుచ్చుకుంటే అంటుకునే జబ్బుల్లో మొదటి వరసలో ఉంటాయి. మూడు డోసులు. మొదటిది వేశాక నెలకి రెండోది, ఆరో నెలలో మూడోది. వార్డులో పోస్టింగు పడ్డాక మొదలుపెడితే, పూర్తయ్యేలోపు ఆ పిల్ల ఎన్ని సూదులు పట్టుకుంటుందో! చిన్నప్పుడు వేయించి ఉంటే టీకా కార్డు తీసి చూడాలి, కార్డు లేకపోతే డాక్టర్ని అడగాలి. మా పిల్ల కార్డు 2006 నాటి తుఫాను వానల్లో తడిసిందో ఏమో, ఇంట్లో ఎక్కడా దొరకలేదు. ఫలితాలొచ్చిన జులైలోనే మొదటి డోసు వేయించాను.

ఇంతవరకూ నా ఉద్యోగం నేర్పిన సంగతులు. అసలు పాఠం వేరేచోట ఎదురైంది.

కౌన్సెలింగుకి కాగితాలు కావాలి. ర్యాంకు కార్డు, టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, వీటితోపాటు ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు. ఏ ప్రాంతంలో చదివిందో దాన్నిబట్టే లోకల్ అవునో కాదో తేలుస్తారు గనక, ఈ స్టడీ సర్టిఫికెట్ల మీద సీటు ఆధారపడి ఉంటుంది. మా పిల్ల పదో తరగతి దాకా చదివిన ప్రైవేటు బడి మూతపడింది. రికార్డులు మండల విద్యాశాఖ ఆఫీసుకి చేరాయన్నారు. తమ్ముడు వెళ్తానన్నాడు. వద్దన్నాను. పిల్లని బయల్దేరదీసి, నేను తోడు వెళ్లి బయట బల్ల మీద కూర్చున్నాను.

కిటికీలోంచి కనపడుతోంది. గుమాస్తా తలెత్తి "ఏం కావాలమ్మా?" అన్నాడు. మా పిల్ల ఫోన్లో లిస్టు తెరిచి ఆయన మొహం ముందు పెట్టింది. "నోటితో చెప్పమ్మా, కళ్లజోడు ఇంటికాడ మర్చిపోయాను" అన్నాడాయన. కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఏదో గొణిగింది. బడి పేరు, ఏ సంవత్సరం, అడ్మిషన్ నంబరెంత అని అడిగాడు. నంబరు తెలీదు. కిటికీలోంచి నావైపు చూసింది. నేను ఆవరణలో నేరేడు చెట్టుని చూస్తూ కూర్చున్నాను. నంబరు తీసుకుని రేపు రమ్మన్నాడు.

దారిలో నన్నడిగింది. "అడ్మిషన్ నంబరు ఎక్కడుంటుందత్తా?"

"ఆయన్నే అడక్కపోయావా?"

"అడగొచ్చా?"

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. పొగరుగానో బద్ధకంగానో అన్న మాట కాదు. నిజంగానే తెలియక అడిగింది. ఇంటర్ రెండేళ్లు, ఆ పైన లాంగ్ టర్మ్ ఒక ఏడాది, బెజవాడ వైపు రెసిడెన్షియల్ కాలేజీలో ఉంది. ఫోను ఉండదు. బట్టలు చాకలికి వేస్తారు. గంట కొడితే తిండి, గంట కొడితే చదువు, గంట కొడితే నిద్ర. చేతిలో వంద కాగితం పెట్టుకుని కొట్టుకెళ్లి చిల్లర లెక్క చూసుకున్నది లేదు, ఒంటరిగా బస్సెక్కింది లేదు. డౌటు వస్తే పరీక్షలో వచ్చే డౌటే అడగాలి. ఆ చదువే ర్యాంకు తెచ్చింది, దాన్ని తిట్టే హక్కు నాకు లేదు. కాకపోతే ఆ మూడేళ్లలో తెలియని మనిషి దగ్గరికి వెళ్లి నిలబడి మాట్లాడే అలవాటు పూర్తిగా చచ్చిపోయింది. డాక్టరు బతుకంతా తెలియని మనుషులతోనే.

నేను పనిచేసిన చోట ఓ హౌస్ సర్జన్ ఉండేవాడు. మంచి తెలివైన కుర్రాడు, పుస్తకంలో ఏ పేజీలో ఏముందో చెప్పేవాడు. లంకల నుంచి ఓ నడివయసు రైతు జ్వరంతో వచ్చాడు. ఎప్పట్నించి అని ఈ కుర్రాడు అడిగాడు. "గోదారొచ్చి తీసిన కాడ్నించండి" అన్నాడు రైతు. మా వైపు గోదారి రావడమంటే వరద రావడం, తీయడమంటే నీరు తగ్గడం. కుర్రాడు అదేమిటని అడగలేదు. కేస్ షీటులో 'కొద్ది రోజులుగా' అని రాసుకుని తర్వాతి మంచానికి వెళ్లిపోయాడు. డ్యూటీలో ఉన్న పెద్ద డాక్టరుగారు రౌండ్సుకి వచ్చి, "వరదనీళ్లలో తిరిగావా? పిక్కలు నొప్పిగా ఉన్నాయా?" అని అడిగారు. తిరిగాడు, నొప్పిగా ఉన్నాయి, కళ్లు కూడా ఎర్రబడ్డాయి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లలో తిరిగితే వచ్చే లెప్టోస్పైరోసిస్‌ని అనుమానించి ఆ దారిలో వైద్యం చేశారు. ఆ జబ్బు గురించి ఆ కుర్రాడికి నాకన్నా పదింతలు తెలుసు. ఇంకో ప్రశ్న అడగడం ఒక్కటే చేతకాలేదు.

వైద్యవిద్య నడిపేవాళ్లకీ ఈ సంగతి తట్టినట్టే ఉంది. 2019లో ఎంబీబీఎస్ పాఠ్యక్రమం మార్చినప్పుడు కోర్సు మొదట్లో ఫౌండేషన్ కోర్సు పెట్టారు, రోగితో ఎలా మాట్లాడాలో కూడా పాఠంగా చేర్చారు. మంచిదే. కానీ బస్సు ఎక్కడాగుతుందో కండక్టర్ని అడగలేని పిల్ల, తెల్లకోటు వేసుకోగానే ముసలమ్మని ఆమె విరేచనాల సంగతి ఎలా అడుగుతుంది?

మర్నాడు మళ్లీ వెళ్లాం. ఈసారి నన్ను బయట కూడా ఉండొద్దంది. అడ్మిషన్ నంబరు ఎక్కడ దొరుకుతుందండీ అని ఆ గుమాస్తానే అడిగింది. టెన్త్ అయ్యాక ఇచ్చిన టీసీ జిరాక్సు మీద ఉంటుందన్నాడు. ఫోన్లో ఉన్న ఫొటో తీసి నంబరు చదివింది. ఆయన రిజిస్టరు తీస్తూ తీస్తూ అడగని సంగతి కూడా చెప్పాడు. "మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్లో పొడి అక్షరమే ఉంది చూసుకున్నావా? ఇప్పుడే మార్పించుకో, తర్వాత తిప్పుతారు." అది నా లిస్టులోనూ లేదు, తమ్ముడికీ తోచలేదు. అడిగినవాళ్లకి అడగనిది కూడా దొరుకుతుందని ఆ పిల్లకి ఎవరూ చెప్పక్కర్లేకుండా తెలిసింది. ఇంటికొచ్చి ఎగిరినంత పని చేసింది.

ఆ తర్వాత మేం పద్ధతి మార్చాం. సచివాలయంలో ఆదాయ ధ్రువీకరణకి అర్జీ, ఆధార్ సవరణ, బ్యాంకులో మైనరు ఖాతాని మేజరు ఖాతాగా మార్చుకోవడం, అన్నీ ఆమే. పద్దెనిమిది నిండాక ఆ మార్పు చెయ్యకపోతే డబ్బు తీయడానికి ఇబ్బందని చాలామంది తండ్రులకి తెలీదు. బ్యాంకులో కొత్త సంతకం అడిగితే మా పిల్లకి సంతకమే లేదు, స్కూలు పిల్లలా పేరు గుండ్రంగా రాసింది. కౌంటరులో ఉన్నమ్మాయి నవ్వి ఇంకో కాగితం ఇచ్చింది.

తమ్ముడు ఈలోగా తన పని తాను చేస్తున్నాడు. "కాకినాడ కాలేజీలో మనోళ్లెవరైనా ఉన్నారా?" అని ఫోన్లు. ఆ ప్రశ్నలో సగం ఆప్యాయత, సగం కులం. డాక్టర్ల ఇళ్లలో పిల్లలకి ఈ సమాచారమంతా అన్నం తింటుంటేనే చెవిన పడుతుంది. ఏ హాస్టల్ గదిలో నీళ్లు రావు, ఏ పుస్తకం దండగ, ప్రాక్టికల్ రికార్డు ఎప్పుడు సంతకం చేయించుకోవాలి, అన్నీ. మా బోటి ఇళ్లకి అది లేదు గనక 'మనోళ్లు' కావాలనుకుంటాం. రాజమండ్రిలో కూడా 2023లో 150 సీట్లతో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. ఇలా తొలిసారి డాక్టరు చదువు గడప ఎక్కే ఇళ్లు ఇంకా పెరుగుతాయి. అందరికీ మనోళ్లు ఎక్కడ దొరుకుతారు?

ఈ మాట మీద తమ్ముడికి యల్లాప్రగడ సుబ్బారావుగారి సంగతి చెప్పాను. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో బడి చదువు చదివిన మనిషి. తండ్రి పోయారు. మద్రాసు మెడికల్ కాలేజీ ఖర్చు మామగారు పెట్టుకున్నారు. ఖద్దరు గౌను వేసుకుని ఆపరేషన్ థియేటర్‌కి వెళ్లినందుకు తెల్ల ప్రొఫెసరుకి కోపమొచ్చి, ఎంబీబీఎస్‌కి బదులు ఎల్ఎంఎస్ పట్టా చేతికొచ్చింది. హార్వర్డులో ఉష్ణమండల వైద్యం చదవడానికి అవకాశం వస్తే స్కాలర్‌షిప్ లేదు. మామగారి డబ్బు, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం కూడగట్టుకుని బోస్టన్ చేరాడు. పొట్టగడవడానికి అక్కడ ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల బెడ్‌పాన్లు ఎత్తాడు. మా ఆసుపత్రుల్లో గర్భిణులకి ఇచ్చే మాత్రలోని ఫోలిక్ యాసిడ్‌ని తర్వాతి కాలంలో ఆయన బృందమే ల్యాబులో తయారుచేసింది. మన జిల్లాల్లో బోదకాలు రాకుండా ఇంటింటికీ తిరిగి మింగించిన డీఈసీ మాత్రా ఆ బృందం పనే. ఉద్యోగంలో ఆ మాత్రలు ఎన్ని వేలు పంచానో నాకే తెలీదు. ఆ మనిషికి తెలివితో పాటు, పరాయి గుమ్మంలో నిలబడి ఫలానాది కావాలని చెప్పగల నోరుంది. మొహమాటపడితే ఓడెక్కేవాడు కాదు. బెడ్‌పాన్ల సంగతి మాత్రం తమ్ముడికి నచ్చలేదు. "మా పిల్లకేం ఖర్మ" అన్నాడు.

కాలేజీకి బయల్దేరిన రోజు కారు మాట్లాడతానంటే బస్సే అన్నాను. అమలాపురం, ముమ్మిడివరం, ఎదుర్లంక, యానాం మీదుగా దారి. 2002లో వంతెన పడకముందు ఎదుర్లంక దగ్గర పంటు మీద దాటి, ఇనప్పెట్టె మోసుకుంటూ నేను నర్సింగు చదువుకి వెళ్లాను. ఆ కథ మొదలుపెట్టబోతే పిల్ల కండక్టరుతో మాటల్లో ఉంది. కాలేజీకి దగ్గరగా ఎక్కడ దిగాలి, అక్కడ ఆటోకి ఎంత అడుగుతారు, ఎంతకి ఒప్పుకోవచ్చు. నేను నోరు మూసుకున్నాను.

మిగతావి చిన్న జాగ్రత్తలు. డిసెక్షన్ హాలుకి ఖాళీ కడుపుతో వెళ్లొద్దు. మొదటి రోజు కళ్లు తిరిగి పడేవాళ్లలో చాలామంది శవాన్ని చూసి పడరు, టిఫిన్ మానేసి, ఫార్మలిన్ ఘాటులో గంటలకొద్దీ నిలబడి పడతారు. థియరీకి 75, ప్రాక్టికల్స్‌కి 80 శాతం హాజరు ఉండాలి గనక, దగ్గరే కదా అని శనివారం శనివారం ఇంటికి పరిగెత్తడం మొదట్లో మానుకోవాలి. ర్యాగింగ్ చెయ్యనని పిల్లా, తల్లిదండ్రులూ కూడా పూచీ రాయాలి. సంతకం పెట్టేముందు ఆ కాగితం చదవాలి. ఆవకాయ సీసా విషయంలో నా మాట నెగ్గలేదు. మెస్ పప్పు తినలేక మూడు పూటలా ఆవకాయన్నం తిని కడుపులో మంటతో ఓపీకి వచ్చే పిల్లల్ని చూశానని చెప్పినా, మా మరదలు రెండు కిలోలు కట్టింది.

మూడో డోసు సంక్రాంతికి పడింది. పిల్ల సెలవుకి ఇంటికొచ్చింది. టీకా నేనే వేస్తానన్నాను, ఎన్ని వేల మందికి వేసిన చెయ్యి! వయల్ చేతికిమ్మంది. పేరు చదివింది, బ్యాచి నంబరు చదివింది, గడువు తేదీ చదివింది.

"ఎక్కడ కొన్నావత్తా? ఐసులోనే తెచ్చావా? దారిలో ఎంతసేపు బయటుంది?"

"తెచ్చాన్లేవే, జబ్బ చూపించు" అన్నాను.

ఐసు డబ్బా తెచ్చి మూత తీసి చూపిస్తేగానీ చెయ్యి మడవలేదు.