గొట్టాల అల్లిక

2024 జూన్ 11, మంగళవారం

పొద్దున గుండె బైపాస్ కేసుకు ఆక్సిజనేటర్‌ను (రక్తానికి ఆక్సిజన్ ఎక్కించే సన్నటి గొట్టాల కట్ట) ద్రవంతో నింపి ప్రైమింగ్ చేస్తుంటే, ట్రైనింగ్‌కు వచ్చిన అమ్మాయి అడిగింది: "మేడమ్, రక్తం ఈ గొట్టాల లోపల పోతుందా, బయటా?"

మంచి ప్రశ్న. మొదట్లో లోపలే పంపి చూశారు. అంత సన్నటి దారిలో రక్తాన్ని నెట్టాలంటే ఒత్తిడి పెరుగుతుంది, గడ్డలూ కడతాయి. అందుకే ఇప్పుడు లోపల ఆక్సిజన్, బయట రక్తం.

ఒక్కో గొట్టం బయటి వ్యాసం దాదాపు 0.3 మిల్లీమీటర్లు. అన్నిటి ఉపరితల వైశాల్యం కలిపితే రెండు చదరపు మీటర్లు, అటూ ఇటుగా. మన ఊపిరితిత్తుల్లో ఆ వైశాల్యం సుమారు 70 చదరపు మీటర్లు. ఇంత తక్కువతో పని జరగడానికి కారణం స్వచ్ఛమైన ఆక్సిజన్ ఒక్కటే కాదు, అల్లిక కూడా. గొట్టం గోడ దాటడం ఆక్సిజన్‌కు పెద్ద కష్టం కాదు. గోడనంటుకుని మందకొడిగా కదిలే పల్చటి రక్తపు పొర ఉందే, అదీ అడ్డం. గొట్టాలను చాపలా అల్లి, వరస మీద వరస ఏటవాలుగా పరిస్తే, రక్తం తగిలిన ప్రతిచోటా చీలి మళ్లీ కలుస్తుంది. పొర చెదురుతుంది. మరీ దగ్గరగా కుదిస్తే ఎర్రకణాలు చితుకుతాయి. రక్తం నిలవుండే మూల మిగిలితే అక్కడ గడ్డ. ఎంత సందు వదలాలన్నదే ఈ డిజైన్‌లో అన్నిటికంటే కష్టమైన పనని నా నమ్మకం.

జూన్ 13

ఎక్మో (ఒంటి బయటే రక్తానికి రోజుల తరబడి ఆక్సిజన్ అందించే యంత్రం) మీదున్న పేషెంట్‌కు రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగింది. గొట్టాల లోపల పారే స్వీప్ గ్యాస్ పెంచాం, దిగింది.

జూన్ 19, రాత్రి

"బాలుగారికి పెట్టింది ఇదే కదా మేడమ్?" అన్నాడు పేషెంట్ కొడుకు. 2020లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు ఎక్మో మీద ఉన్నప్పుడే ఈ పేరు తెలుగిళ్లకు చేరింది. ఆయన దక్కలేదు, అందుకే వినగానే భయం.

ఎక్మోకు మూలం బైపాస్ యంత్రమే. 1953 మే 6న ఫిలడెల్ఫియాలో సర్జన్ జాన్ గిబ్బన్ తయారుచేసిన యంత్రం ఆపరేషన్ జరుగుతుండగా ఒక అమ్మాయి గుండె, ఊపిరితిత్తుల పని పూర్తిగా చేసింది 26 నిమిషాలు. ఈ రోజు ఎక్మోను వారాల తరబడి నడపగలుగుతున్నాం. ఆపరేషన్ థియేటర్లో వాడే పాలీప్రొపిలీన్ గొట్టాలకు సూక్ష్మరంధ్రాలుంటాయి. ఎక్కువసేపు నడిపితే వాటిగుండా ప్లాస్మా కారుతుంది. ఎక్మోకు వాడే పాలీమిథైల్‌పెంటీన్ గొట్టాలకు బయట రంధ్రాల్లేని పల్చటి తొడుగు ఉంటుంది. ఆక్సిజన్ దాటుతుంది, ప్లాస్మా కారదు.

ఇదంతా ఆ అబ్బాయికి చెప్పలేదు. ఈ మిషన్ ఊపిరితిత్తులను నయం చేయదని, అవి కోలుకునేదాకా ఆదుకుంటుందని మాత్రం చెప్పాను. ఎక్మో మాట వచ్చినప్పుడు ఇంటివాళ్లు డాక్టర్‌ని ముందుగా అడగాల్సింది ఇదే: ఊపిరితిత్తులు కోలుకునే అవకాశం ఉందా, లేకపోతే మార్పిడికి వీలుందా?