కంటికి కానరాని బాటసారి

పడమటి కర్నూలు సీమ రాకపోకల సీమ. నల్లరేగడి, ఎర్రనేల కలగలసిన ఆ మెట్టభూములలో వాన మొగం చాటేస్తే ఊళ్లే కదులుతాయి. ఆదోని, కోసిగి, మంత్రాలయం ప్రాంతాల కూలీలు ఇళ్లకు తాళాలు వేసి, పిల్లాపాపలతో, వంటపాత్రలతో గుంటూరు సీమకు మిరపకోతలకు, పత్తితీతలకు తరలిపోతారు. ఈ వలసను అక్కడి జనం ‘సుగ్గి’ అంటారు. పచ్చిక ఎండితే గొర్రెల కాపరులు మందలను తోలుకొని నీటివసతి ఉన్న చోట్లకు పోతారు. పల్లెల్లో పండిన పత్తి, వేరుశనగ ఆదోని మార్కెట్ యార్డుకు చేరుతాయి. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరకు ఎన్నో ఊళ్ల నుండి ఎడ్లజతలు వస్తాయి. ఈ మనుషులతో, మందలతో, పంటలతోపాటు కంటికి కానరాని బాటసారి ఒకడు కూడా ప్రయాణిస్తుంటాడు. అతనికి కాళ్లు లేవు, రెక్కలు లేవు. ఒకరి కాళ్లతో నడుస్తాడు, మరొకరి రెక్కలతో ఎగురుతాడు, ఇంకొకరి ఊపిరితో పయనిస్తాడు. అతడే వైరస్.

వైరస్ జీవమో, నిర్జీవమో తేల్చి చెప్పడం శాస్త్రజ్ఞులకు సైతం కష్టమైన పని. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు. చాలా వైరస్‌ల పరిమాణం 20 నుండి 300 నానోమీటర్ల లోపే ఉంటుంది. వైరస్ తినదు, శ్వాసించదు, తనంత తానుగా పెరగదు. జీవకణం వెలుపల ఉన్నంతసేపు ధూళికణం వలె జడంగా పడి ఉంటుంది. కణంలోకి ప్రవేశించిందా, ఆ ఇంటి సామగ్రితోనే తనవంటి ప్రతులను వేల సంఖ్యలో తయారు చేయించుకొంటుంది. అతిథిగా వచ్చి యజమానిగా మారి, చివరకు ఇంటినే కూల్చి పొరుగింటికి సాగిపోవడం దాని నైజం.

ఈ శత్రువు జాడను మానవుడు మొదట తన శరీరంలో కాక ఒక మొక్కలో పసిగట్టాడు. 1892లో రష్యా శాస్త్రజ్ఞుడు ఇవనోవ్‌స్కీ, తెగులు సోకిన పొగాకు ఆకుల రసాన్ని బాక్టీరియా సైతం దాటలేని సన్నని వడపోత గుండా పోనిచ్చాడు. వడగట్టిన రసం కూడా ఆరోగ్యవంతమైన మొక్కకు తెగులు తెచ్చింది. 1898లో హాలండు శాస్త్రజ్ఞుడు బైయరింక్ ఆ ప్రయోగాన్ని మరింత లోతుగా సాగించి, ఆ కారకాన్ని వైరస్ అని వ్యవహరించాడు. అదే సంవత్సరం జర్మనీలో లోఫ్లర్, ఫ్రాష్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పశువుల గాలికుంటు వ్యాధికి కూడా వడపోతకు చిక్కని కారకమే మూలమని చూపారు. 1901లో వాల్టర్ రీడ్ బృందం మనుషులకు సోకే ఎల్లో ఫీవరు విషయంలో అదే నిరూపించింది. మొక్క, పశువు, మనిషి పదేళ్లు తిరగకముందే ఒకే శత్రువు చేత చిక్కినట్లు తేలింది. విజ్ఞానశాస్త్రం ఈ మూడింటికీ మూడు వేర్వేరు శాఖలను ఏర్పరచింది. రైతు జీవితంలో మాత్రం చేను, కొట్టము, ఇల్లు ఏనాడూ వేరు కావు.

అంటురోగాలన్నీ వైరస్ వలన కలిగేవే అనుకోవడం పొరపాటు. దత్తమండలాల తొలి ప్రధాన కలెక్టరుగా పనిచేసి, తరువాత మద్రాసు గవర్నరయిన సర్ థామస్ మన్రో 1827 జూలై 6న ఈ సీమలోని పత్తికొండలోనే కలరా సోకి మరణించాడు. కలరాకు మూలం బాక్టీరియా. అది స్వతంత్రంగా బతకగల జీవి కనుక దానిని చంపే యాంటీబయోటిక్ మందులు ఉన్నాయి. నాడు గవర్నరుకు దక్కని రక్షణ నేడు ఉప్పు, చక్కెర కలిపిన నీటి రూపంలో నిరుపేదకు సైతం అందుతున్నది. వైరస్‌పై యాంటీబయోటిక్ మందులు పనిచేయవు. ప్రత్యేక ఔషధాలు ఉన్నవి కొన్ని వైరస్‌లకు మాత్రమే. వైరస్ వలన వచ్చిన జలుబుకు యాంటీబయోటిక్ మాత్రలు మింగడం డబ్బుకు దండగ. పైగా అది ఇతర బాక్టీరియాలను ఆ మందులకు లొంగకుండా మొండికెత్తిస్తుంది. శత్రువెవరో తెలియక చేసే యుద్ధం తనవారినే గాయపరుస్తుంది.

వైరస్‌పై మానవుడు సాధించిన మొదటి సంపూర్ణ విజయం మశూచి నిర్మూలన. తెలుగు పల్లె ఆ వ్యాధిని ‘పెద్దమ్మవారు’ అని భయభక్తులతో పిలిచింది. గుమ్మానికి వేపమండలు కట్టింది. బతికి బయటపడిన వారికి జీవితాంతం ముఖాన మచ్చలు మిగిలేవి. కొందరికి చూపు పోయేది. 1796లో ఇంగ్లాండులో ఎడ్వర్డ్ జెన్నర్ ఆవులకు వచ్చే మశూచి రసిని మనిషికి ఎక్కించి, అసలు మశూచి నుండి రక్షణ కల్పించవచ్చునని చూపాడు. 1802 జూన్ 14న బొంబాయిలో మూడేళ్ల పసిపాపకు వేసినది భారతదేశంలో తొలి టీకా. 1975 మే నెలలో దేశంలో చివరి రోగిని గుర్తించారు. 1980 మే 8న ప్రపంచ ఆరోగ్య సభ భూగోళం మశూచి నుండి విముక్తమైనదని ప్రకటించింది. తొలి టీకా నుండి ఆ ప్రకటన వరకు దాదాపు రెండు వందల ఏళ్లు పట్టింది.

రెండవ విజయం పశువులది. పెద్దపశువుల ముసర వ్యాధి ఒకప్పుడు కొట్టాలకు కొట్టాలనే ఖాళీ చేసేది. తీవ్రమైన జ్వరం, నోటిలో పుండ్లు, ఆగని పారుడుతో కొద్ది రోజులలోనే పశువు నేలకూలేది. మెట్టరైతుకు ఎద్దు చనిపోవడమంటే ఒక జంతువు పోవడం మాత్రమే కాదు. ఆ ఏటి సేద్యం నిలిచిపోవడం, మరుసటి ఏటికి అప్పు మిగలడం. పశువులు గుమిగూడే సంతలు, జాతరలు ఆ వ్యాధికి రహదారులయ్యేవి. భారతదేశం 1954లో జాతీయ స్థాయిలో ముసర నిర్మూలన పథకాన్ని చేపట్టింది. 1995 తరువాత దేశంలో ఆ వ్యాధి కనిపించలేదు. 2011లో ప్రపంచమంతటా అది అంతరించినట్లు ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రకటించింది. నేడు జాతరలో ఎడ్లను నిలిపే రైతుకు ముసర అన్న భయమే లేదు. ఇంతటి మేలు చేసిన టీకాలవాళ్ల పేర్లు ఏ శాసనంపైనా కనిపించవు.

మానవుడు పూర్తిగా తుడిచిపెట్టగలిగిన వ్యాధులు ఇప్పటికి ఈ రెండే. దీనికి కారణం ఉంది. మశూచికి మనిషి తప్ప మరో ఆశ్రయం లేదు. ముసరకు పశువుల మందలు తప్ప నిలువ నీడ లేదు. ఒకసారి టీకా పడిన శరీరం ఆ శత్రువును చాలాకాలం గుర్తుంచుకొంటుంది. దాగడానికి చోటులేని దొంగ ఏనాటికైనా దొరుకుతాడు. చోటు ఉన్న దొంగ సంగతి వేరు.

పడమటి కర్నూలు గొర్రెల మందలలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. పి.పి.ఆర్. అనే పారుడు వ్యాధి ముసరకు దగ్గరి చుట్టం. అది ఊపిరి ద్వారా, స్పర్శ ద్వారా ఒక జీవం నుండి మరొక జీవానికి సోకుతుంది. జబ్బుపడిన దానిని వేరుచేసి, మిగిలిన వాటికి టీకా వేయిస్తే దాని దారి మూసుకుపోతుంది. నీలి నాలుక వ్యాధి అలా కాదు. మూతి వాచి, ముక్కు కారి, కాళ్లు కుంటుతూ గొర్రె పడిపోతుంది. కొన్నింటి నాలుక నీలిరంగుకు తిరుగుతుంది. దీనిని మోసేవి సన్నని కుట్టుడు దోమలు. తడిసిన పేడలో, బురదలో అవి పుడతాయి. జబ్బు గొర్రెను దూరంగా కట్టివేసినంత మాత్రాన చాలదు. దోమ కంచెను లెక్కచేయదు. దొడ్డిని పొడిగా ఉంచడం, వానకాలానికి ముందే టీకా వేయించడం అక్కడ రక్షణ. రెండు వ్యాధులలోనూ జ్వరమే, రెండింటిలోనూ ముక్కు కారడమే. చూపులకు ఒకేలా ఉన్నా దారులు వేరు. కనుక కాపలా వేరు.

దారి తెలియకపోతే ఎంత నష్టమో 2000 సంవత్సరపు ఖరీఫ్ తెలిపింది. పొరుగున ఉన్న అనంతపురం జిల్లాలో ఆ యేడు దాదాపు 2,25,000 హెక్టార్ల వేరుశనగ ఒక తెగులుకు గురైంది. లేత ఆకులపై మచ్చలు వచ్చి, కాడలు, కాండం నల్లబడి, మొవ్వ ఎండి, మొక్కలు నిలువునా చచ్చిపోయాయి. నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని అంచనా. అంతకుముందు నుండి రైతులు ఎరిగిన మొవ్వకుళ్ళు తెగులుకు ఇది రూపంలో దగ్గరగా ఉంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు, వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులతో కలసి పరిశోధించగా, దీనికి కారణం టొబాకో స్ట్రీక్ వైరస్ అని తేలింది. పొద్దుతిరుగుడు పైరును ఎండగట్టే నెక్రోసిస్ తెగులుకూ ఇదే మూలం.

పంట చెడితే రైతు సందేహం మొదట విత్తనం మీదికి పోవడం సహజం. ఇక్కడ విత్తనం నిర్దోషి. అసలు ఆశ్రయం గట్టు మీద పచ్చగా, తెల్లని పూలతో నవ్వుతున్న వయ్యారిభామ. తొలకరి పడగానే పైరుకంటే ముందే అది మొలుస్తుంది. వైరస్‌ను తనలో ఉంచుకొని కూడా ఏ లక్షణమూ చూపదు. దాని పుప్పొడిలో వైరస్ ఉంటుంది. ఆ పూలపై తిరిగే తామర పురుగులు పుప్పొడిని ఒంటికి పూసుకొని వేరుశనగ ఆకులపై వాలుతాయి. వాటి నోటిగాటు గుండా వైరస్ ఆకులోకి ప్రవేశిస్తుంది. కంచె చేను మేయడమంటే లోకం ఇన్నాళ్లూ కాపలావాడి ద్రోహం అనుకున్నది. గట్టు మీది కలుపు ఆ సామెతకు మరో అర్థం చెప్పింది.

మొక్కకు టీకా లేదు. పశువుకు, మనిషికి ఉన్నట్లుగా ఒకసారి చూసిన శత్రువును గుర్తుంచుకొనే రక్తం దానికి లేదు. తెగులు సోకిన మొక్కను బాగుచేసే మందూ లేదు. పురుగుమందు పురుగును చంపుతుందే గాని ఆకులో చేరిన వైరస్‌ను తాకలేదు. మొక్కలు మాడిపోయిన తరువాత అప్పు చేసి డబ్బాల కొద్దీ మందు కొట్టడం ఇల్లు కాలిన తరువాత బావి తవ్వడం వంటిది. చేయవలసినదంతా ముందే ఉంది. వయ్యారిభామను పూతకు రాకముందే పెరికివేయాలి. విత్తనాన్ని శుద్ధి చేసి విత్తితే లేతదశలో తామర పురుగుల ఉద్ధృతి తగ్గుతుంది. పొలం చుట్టూ దగ్గర దగ్గరగా జొన్న వరుసలు వేస్తే, ఎత్తుగా పెరిగిన ఆ పైరు గాలిలో కొట్టుకువచ్చే పురుగులను అడ్డుకొంటుంది. జొన్న ఈ సీమ ప్రజలకు తరతరాలుగా అన్నం పెట్టిన పంట. అదే ఇప్పుడు పొలానికి కావలి కాస్తున్నది.

అయితే ఒక్క రైతు తన గట్టును శుభ్రం చేసుకొన్నంత మాత్రాన ప్రయోజనం లేదు. పొరుగు గట్టు మీద, బాట పక్కన, బడి ఆవరణలో వయ్యారిభామ పూస్తున్నంతకాలం పుప్పొడి సరిహద్దురాళ్లను గౌరవించదు. వైరస్ వ్యాధుల విషయంలో వ్యక్తి జాగ్రత్త అవసరమే గాని, అది సగం మాత్రమే. మిగిలిన సగం ఊరి చేతిలో ఉంటుంది.

మనిషి విషయంలో ఈ సత్యం మరింత కఠినంగా కనిపిస్తుంది. తట్టు అనే వ్యాధి ఒక బిడ్డ నుండి రక్షణ లేని 12 నుండి 18 మందికి సోకగలదు. అది వ్యాపించకుండా ఉండాలంటే ప్రతి 100 మందిలో కనీసం 95 మందికి రక్షణ ఉండాలి. తొమ్మిది నెలలు నిండగానే ఒకటి, ఏడాదిన్నర ప్రాంతంలో మరొకటి టీకా వేయించాలి. సుగ్గికి పోయిన తల్లి చంకలోని బిడ్డకు ఆ తేదీ మిరపతోటలో వస్తుంది. సొంత ఊరి పట్టికలో పేరున్న బిడ్డ అక్కడ లేదు. ఉన్నచోట పట్టికలో పేరు లేదు. ఇటువంటి బిడ్డలను వెదకి పట్టుకోవడం వలననే దేశం పోలియోను జయించింది. 1995లో ఆరంభమైన పల్స్ పోలియో కార్యక్రమంలో బస్సుస్టాండ్లలో, రైల్వేస్టేషన్లలో, ఇటుకబట్టీల వద్ద సైతం చుక్కలు వేశారు. 2011 జనవరి 13 తరువాత దేశంలో సహజ పోలియో వైరస్ వలన మరొక బిడ్డ కుంటివాడు కాలేదు. 2014 మార్చి 27న భారతదేశానికి పోలియోరహిత ధ్రువపత్రం లభించింది.

2020లో కరోనా వచ్చినప్పుడు కర్నూలు జిల్లా రాష్ట్రంలో తొలినాళ్లలో అత్యధికంగా దెబ్బతిన్న జిల్లాలలో ఒకటి. ఊపిరి మీద ప్రయాణించే బాటసారిని ఆపడానికి మనుషుల ప్రయాణాలనే ఆపవలసి వచ్చింది. కూలికి పోతే తప్ప పొయ్యి వెలగని ఇంటికి ఆ ఆంక్ష రోగమంత బరువైంది. దారి మూయడం సులభం కాదనీ, మూసిన దారిలో చిక్కుకొన్న వారి ఆకలిని పట్టించుకోవడం కూడా వైద్యంలో భాగమేననీ ఆ కాలం బోధించింది.

ఎమ్మిగనూరు నేతగానికి ఈ విషయం విడమరచి చెప్పనక్కరలేదు. విడివిడిగా వడ్డీవ్యాపారుల చేతిలో నలిగిన చేనేత కుటుంబాలను 1938లో మాచాని సోమప్ప సహకార సంఘంగా కూర్చాడు. ఒంటి పోగు వేలితో లాగితే తెగుతుంది. పడుగుపేకలుగా కలిసిన గుడ్డ లాగినా నిలుస్తుంది. ఊరి ఆరోగ్యం కూడా అటువంటి నేతే. టీకా అందని ఒక వలసబిడ్డ, మందు చేరని ఒక కాపరి మంద, కలుపు తీయని ఒక బంజరు గట్టు ఆ గుడ్డలోని చిరుగులు. కానరాని బాటసారి వెదికేది సరిగ్గా ఆ చిరుగునే. దానిని కుట్టవలసినది చిరుగు ఉన్న ఇంటివాడొక్కడే కాదు. ఆ గుడ్డ కప్పుకొన్న ఊరంతా.